నల్లగుడ్డ కప్పిన తేనెపెట్టెలు

మార్ల్‌కోట్,
1927 జూలై 4, సోమవారం.

తమ్ముడు సెప్టిమస్‌కు,

ఇక్కడ వాన. నువ్వు రైలెక్కిన రోజు మొదలైంది, ఇంతవరకు తెరిపి ఇవ్వలేదు. స్కార్‌బరోలో ఎండ కాస్తోందని నువ్వు రాసిన కార్డు తడిసి ముద్దయి చేరింది. చెవుల డాక్టరు ఏమన్నాడో రాయమంటే ఇంటావిడ వండే చేపల గురించి రెండు పేజీలు రాశావు. చేపల సంగతి నాకెందుకు? చెవుల సంగతి రాయి.

నీ సింఫనీ తిరిగొచ్చింది. పోస్టుమాన్ ఆ కట్టను గుమ్మంలో దించి, నడుం పట్టుకుని, "మీ బరువు మళ్ళీ మీకే వచ్చిందమ్మా" అన్నాడు. ఇది తొమ్మిదోసారి. సంగీతోత్సవ సంఘం వాళ్ళు ఎప్పటి ఉత్తరమే పెట్టారు, తేదీ ఒక్కటి మార్చారు. కింద డాక్టర్ క్రాడక్ సంతకం. పట్నంలో పెద్ద చర్చిలో జరిగే సాయంకాలం కచేరీ కీర్తిశేషులకు మాత్రమేనట. బతికున్న స్వరకర్తలకు మధ్యాహ్నం పది నిమిషాలు, అదీ జనం టీ కోసం లేచే వేళకు. నీది నలభై నిమిషాలు కనుక "విచారిస్తున్నాము" అన్నారు. ముప్పై ఏళ్ళుగా విచారిస్తూనే ఉన్నారు పాపం, వాళ్ళ ఆరోగ్యం ఏమైపోతుందో.

తేనెపెట్టెల పైకప్పులు కారుతున్నాయి. నువ్వు మే నెలలో బాగు చేస్తానన్నావు, ఏ మే అన్నది చెప్పలేదు. చివరికి అమ్మ పెట్టె తెరిచి, నాన్న పోయినప్పుడు ఆవిడ కుట్టించుకున్న నల్లబట్టలు తీశాను. వాటిలోంచి నీటిచుక్క దిగదు. ఒక పెట్టెకు గౌను, ఒక దానికి శాలువా, మూడోదానికి ముఖం మీది ముసుగు కప్పి రాళ్ళు పెట్టాను. ఈగలు హాయిగా ఉన్నాయి.

ఆ పని చేస్తుండగా పక్కింటి డోర్కస్ గిటిన్స్ గుడ్ల కోసం వచ్చింది. గేటు దగ్గరే ఆగి పెట్టెల వంక చూసి, నా వంక చూసి, చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. గుడ్లు తీసుకోలేదు. మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది, మనిషి ఇంకా స్థిమితపడలేదు.

ఉన్ని మేజోళ్ళు వేసుకో. వేసుకున్నానని రాయడం కాదు, వేసుకో.

నీ అక్క
హెస్టర్


స్కార్‌బరో,
1927 జూలై 7.

అక్కయ్యకు,

మేజోళ్ళు వేసుకునే రాస్తున్నాను.

చెవుల సంగతి అడిగావు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది చలికాలం దాకా ఉంటే ఉంటుందట. డాక్టరు మెత్తని మనిషి, ఈ మాట మెల్లగా చెప్పాడు. నాకు వినపడక మూడుసార్లు చెప్పించుకున్నాను. అందుకే నీకు చేపల గురించి రాశాను.

సాయంత్రాలు సముద్రం ఒడ్డున బ్యాండు వాయిస్తారు. డప్పు వినిపిస్తుంది. మిగతావాళ్ళు బుగ్గలు ఉబ్బిస్తూ కనిపిస్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావు అన్నాడట. నేను ఆ మాట అనకుండా ఇప్పటికి ఆపుకోగలుగుతున్నాను.

ఒక సంగతి దాచకుండా చెబుతాను. ఆ సింఫనీ రాసి ముప్పై ఒక్క ఏళ్ళయింది. నేను దాన్ని ఒక్కసారి కూడా వినలేదు. నా తలలో తప్ప ఎక్కడా మోగలేదు అది. తలలో ఎవడి సింఫనీ అయినా బాగానే ఉంటుంది. బయట ఎలా ఉంటుందో తెలియకుండానే పోతానేమో అని భయంగా ఉంది. పేరు వద్దు, డబ్బు వద్దు, పేపర్లో బొమ్మ వద్దు. ఈ కుడిచెవి ఉండగా ఒక్కసారి వినాలి, అంతే.

క్రాడక్ తిప్పి పంపిన కట్టను కుర్చీ ఎత్తు కోసం వాడకు. పోయినసారి వాడావు.

నీ తమ్ముడు
సెప్టిమస్


మార్ల్‌కోట్,
1927 జూలై 12.

సెప్టిమస్,

నీ ఉత్తరం అందింది. వెంటనే జవాబు రాయలేదని కోప్పడకు. నువ్వు పోయిన మంగళవారం చనిపోయావు. ఆ హడావిడిలో తీరిక దొరకలేదు.

వరసగా చెబుతాను. మంగళవారం పొద్దున్న చర్చి గంట మోగింది. ముమ్మూడు తొమ్మిది దెబ్బలు, అంటే మగవాడు. తర్వాత వయసు. అరవై రెండు లెక్కపెట్టాను. అరవై రెండేళ్ళవాడు ఎవరబ్బా అని వీధిలోకి వెళ్ళి అడిగితే, కనపడ్డ ప్రతివాళ్ళూ నా చేతులు పట్టుకుని తల వంచుకున్నారు. ఒక్కరూ పేరు చెప్పరు. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో మాంసం పెట్టి కాల్చిన పైలు నాలుగు ఉన్నాయి. ఎవరిదో పుట్టినరోజు అనుకుని ఒకటి తిన్నాను.

తర్వాత పాదిరి ప్రాసర్ గారు వచ్చారు. "ఆయన ఇప్పుడు హాయిగా ఉన్నారమ్మా" అన్నారు.

"అవునండీ, చేపలు బాగా తింటున్నాడట" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "అక్కడ ఏ లోటూ ఉండదు లెండి" అన్నారు.

"చెవినొప్పి ఒక్కటే తగ్గాలి" అన్నాను.

"అక్కడ నొప్పులుండవమ్మా. మీ విశ్వాసం చూస్తే నాకు సిగ్గేస్తోంది" అని కళ్ళు తుడుచుకున్నారు. ఇలా అరగంట మాట్లాడుకున్నాం. చివర్లో, "ప్రార్థనకు ఏ పాట పెట్టమంటారు?" అని అడిగారు. ఎవరి ప్రార్థన అన్నాను. చెప్పారు.

అప్పుడు వెలిగింది నాకు. మన వైపు ఇంటి పెద్ద పోతే, తాళంచెవితో తేనెపెట్టెలు తట్టి ఈగలకు ఆ కబురు చెప్పి, పెట్టెలకు నల్లగుడ్డ కడతాం కదా. కట్టకపోతే ఈగలు ఇల్లు విడిచి పోతాయని మన అమ్మమ్మ దగ్గర్నుంచి వింటున్నదే. వాన ధ్యాసలో నాకు తట్టలేదు. డోర్కస్ చూసింది, చెప్పింది, పాదిరి గారు గంట కొట్టించారు, గురువారం పేపర్లో వేశారు. నాకు నవ్వు ఆగలేదు. దుఃఖంతో మతి చలించిందనుకుని ప్రాసర్ గారు నాకు బ్రాందీ తాగించారు. బాగుంది.

పేపరు కత్తిరించి పంపుతున్నాను. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నారు ఊరికే కాదు. పదేళ్ళ కిందట నీ పాటలను ఎడ్లబండి దిగుతున్న చప్పుడు అన్న మహానుభావుడే, ఇప్పుడు "కొండల మీది వెన్నెల" అన్నాడు.

నిజం చెప్పేద్దామని టోపీ పెట్టుకుని బయల్దేరుతుంటే క్రాడక్ ఉత్తరం వచ్చింది. "ఇంతకాలం అడ్డుగా ఉన్న ఒకే ఒక్క కారణం ఇప్పుడు తొలగిపోయినందున" సెప్టెంబరు 7 బుధవారం సాయంకాలం నీ సింఫనీ మొత్తం, మొదటినుంచి చివరిదాకా, పెద్ద చర్చిలో వాయిస్తారట. కట్టను మళ్ళీ పంపమన్నాడు. దాని కోసం కుర్చీలోంచి లేవాల్సి వచ్చింది.

నేను అరవై ఏడేళ్ళుగా అబద్ధం ఆడలేదు. రేపు పాదిరి గారికి చెబితే కచేరీ పోతుంది. చెప్పకపోతే నా నోరు పోతుంది. టోపీ ఇంకా తలమీదే ఉంది. ఏం చేయను?

హెస్టర్


స్కార్‌బరో,
1927 జూలై 14.

అక్కా,

టోపీ తీసెయ్యి. ఎవరికీ ఏమీ చెప్పకు. సెప్టెంబరు 7 దాకా నేను చనిపోయే ఉంటాను.

అబద్ధం ఆడమనడం లేదు. నిజమే చెప్పు, కాస్త తక్కువ చెప్పు. "దూరంగా ఉన్నాడు" అను. ఉన్నాను కదా.

ఇంటావిడ డాగెట్ ఇవాళ పేపరు పట్టుకొచ్చి, "ఈ పోయినాయన అచ్చం మీలా ఉన్నాడండీ, కాకపోతే చక్కనివాడు" అంది. ఎందుకైనా మంచిదని గడ్డం గీసేశాను. ఇప్పుడు నాకు నేనే తెలియడం లేదు.

రెండు ముఖ్యమైన పనులున్నాయి. మొదటిది, సింఫనీ రెండో భాగంలో కొమ్ముబూరల వరసలో ఒక రాతతప్పు ఉంది. దిద్దమని క్రాడక్‌కు చెప్పు. రెండోది, ఆ భాగం వేగంగా నడవాలి. చురుగ్గా. నేను జున్ను కొనడానికి సైకిల్ మీద సంతకు వెళ్ళిన పొద్దుట తట్టిన వరస అది. వాడు చావు సంగీతంలా సాగదీస్తాడని నాకు భయం.

క్రాడక్‌ను నమ్మకు. బతికున్నవాళ్ళ మాటే వినడు.

నీ (దూరంగా ఉన్న) తమ్ముడు
సెప్టిమస్


మార్ల్‌కోట్,
1927 ఆగస్టు 2.

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే నిజం తక్కువ చెబుతూ వస్తున్నాను. ఇది అబద్ధం కన్నా కష్టం.

అంత్యక్రియలు ఎక్కడని ప్రాసర్ గారు అడిగారు. "వాడికి సముద్రం దగ్గరే బాగుందట" అన్నాను. ఊరంతా నిన్ను సముద్రంలో కలిపేశారనుకుంటోంది. నీ పేరు చెక్కిన ఇత్తడి పలక చర్చిలో పెడుతున్నారు. అందరూ తలో చేయి వేశారు. "కుక్కలపట్ల దయగలవాడు" అని కూడా చెక్కించారు. నిన్ను కరిచిన కుక్క యజమాని అందరికన్నా ఎక్కువ చందా ఇచ్చాడు, ఏం చేస్తాం.

క్రాడక్ మనింటికి వచ్చాడు, నల్లపట్టీ కట్టుకుని. నువ్వు చెప్పినవి చెప్పాను. నువ్వు రాతతప్పు అన్నదే సరైనదట. "అమ్మా, మీరు ఆయనకు తోబుట్టువులే. కానీ ఆయన మనసు నాకు తెలుసు" అన్నాడు. రెండో భాగం నువ్వు మరణాన్ని ముందే చూసి రాశావట. జున్ను చూసి రాశాడండీ అన్నాను. జాలిగా నవ్వి నా చెయ్యి నిమిరాడు. అది రాసినదానికి సగం వేగంతో, ఇంకా నెమ్మదిగా నడిపిస్తాడట. సంతాపసూచకంగా నాలుగు కొమ్ముబూరలకు బదులు ఎనిమిది పెడుతున్నాడు. నగారాలు కూడా రెట్టింపు. నీకు కోపం వస్తుందని తెలుసు, కూర్చుని చదువు.

ఇక డోర్కస్. రోజూ వస్తోంది. నిన్న మెట్ల మీద కూర్చుని, "అక్కయ్యగారూ, ఇప్పుడాయన లేరు కాబట్టి చెబుతున్నాను. తొంభై నాలుగులో మా పెరట్లో నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఏదో అడగబోయారు. మా నాన్న దగ్గేసరికి లేచి, నిచ్చెన ఇస్తారా అన్నారు. నిచ్చెన ఇచ్చాను. మరుసటేడు గిటిన్స్‌ను చేసుకున్నాను" అంది. అని, పై తిను అని నన్ను బతిమాలింది.

అడిగావా ఆమెను? నా దగ్గర దాచావా ఇన్నేళ్ళు?

ప్రాసర్ గారికీ, క్రాడక్‌కూ, సంతాపం రాసి పంపిన బిషప్పుకూ తక్కువ చెప్పాను. తేనెటీగల దగ్గర మాత్రం ఆ ఆట ఆడను, ముందే చెబుతున్నాను.

నీ అక్క
హెస్టర్


స్కార్‌బరో,
1927 ఆగస్టు 9.

అక్కయ్యకు,

ఎనిమిది కొమ్ముబూరలా? అది సంతాపమా, సంతలో గొడ్లను అదిలించడమా? సగం వేగమా? నేను సైకిల్ మీద వెళ్ళాను, శవపేటిక మీద కాదు. క్రాడక్ నన్ను మళ్ళీ చంపుతున్నాడు, ఈసారి నిజంగా.

ఊరుకోలేక నేనే రాశాను వాడికి, "దివంగత సెప్టిమస్ ఒల్డేకర్ గారి శిష్యుణ్ణి" అని. "స్వర్గీయులకు శిష్యులెవరూ లేరని నాకు రూఢిగా తెలుసు. మోసగాళ్ళతో ఉత్తరప్రత్యుత్తరాలు జరపను" అని జవాబిచ్చాడు. నిజమే, నాకు శిష్యులు లేరు. వాడికి నా గురించి అన్నీ తెలుసు, నేను తప్ప.

కచేరీకి టిక్కెట్టు కోసం రాస్తే అన్నీ అయిపోయాయన్నారు. నా ముప్పై ఒక్క ఏళ్ళ సంగీతానికి నాకు సీటు లేదు. పోయినవాడికి ఎందుకులే అనుకున్నారేమో.

నవ్వుగా రాస్తున్నాను గానీ అక్కా, కుడిచెవి జారిపోతోంది. డాక్టరు చలికాలం అన్నాడు. అది చలికాలం దాకా ఆగేలా లేదు. నిన్న డాగెట్ తలుపు కొడుతూ ఉండిపోయిందట. ఇంకా నాలుగు వారాలు. రోజూ పొద్దున్న నా గడియారం చెవి దగ్గర పెట్టుకుని చూస్తున్నాను. నిన్నటికి వినిపించింది. ఎలాగైనా నన్ను ఆ చర్చిలో కూర్చోబెట్టు.

డోర్కస్ సంగతి: పెన్సిలు కింద పడింది, వెతుక్కుంటూ మోకాళ్ళ మీద ఉన్నాను. అంతే. నిచ్చెన కావలసివచ్చి అడిగాను. ఆడవాళ్ళు ముప్పై ఏళ్ళు గుర్తుపెట్టుకునేవి చిత్రంగా ఉంటాయి.

నీ తమ్ముడు
సెప్టిమస్


మార్ల్‌కోట్,
1927 ఆగస్టు 20.

సెప్టిమస్‌కు,

నిన్ను కూర్చోబెడతాను. సంఘం వాళ్ళు పోయినవారి కుటుంబానికని ముందు వరసలో రెండు సీట్లు ఇచ్చారు. ఒకటి నాది. రెండోదాంట్లో నువ్వు కూర్చోవాలంటే దారి ఒక్కటే కనపడింది. కోప్పడకుండా చదువు.

వానలు తగ్గాయి. తేనెపెట్టెల మీంచి అమ్మ గౌను, శాలువా, ముసుగు తీసి ఉతికి ఆరేశాను. అమ్మ నీ అంత పొడుగు. గడ్డం ఎలాగూ తీసేశావు. నల్లముసుగు వేసుకున్న ముసలావిడను మన దేశంలో ఎవరూ పేరు అడగరు. అడిగితే "మా ఇంటి మనిషి" అంటాను. అది నిజం. "దుఃఖంలో ఉంది" అంటాను. రెండో భాగం మొదలయ్యాక అదీ నిజమవుతుంది.

మధ్యాహ్నం మూడింటి రైలుకి రా. స్టేషనులో ఆడవాళ్ళ గదిలో బట్టలు మార్చుకో. ముందు తలుపు తట్టు.

పెన్సిలు సంగతి డోర్కస్‌కు చెప్పాను. "వాడు ఉన్నప్పుడు నాతో అన్నాడు, పెన్సిలు వెతుక్కుంటున్నాడట" అన్నాను. ఆమె గేటు వైపు తిరిగి, "ఆ రోజు ఆయన పెన్సిలు చెవి మీదే ఉంది" అని వెళ్ళిపోయింది. పై కూడా ఇవ్వలేదు.

ఉన్ని మేజోళ్ళు గౌను కింద కనపడవు, వేసుకో.

నీ అక్క


స్కార్‌బరో,
1927 సెప్టెంబరు 9.

అక్కయ్యకు,

నిన్ను ఆ జనం మధ్య వదిలేసి పారిపోయినందుకు క్షమించు. తలుపు దాటాక స్టేషను దాకా ఆగలేదు. గౌనుతోనే రైలెక్కాను. పెట్టెలో ముగ్గురు లేచి సీటిచ్చారు. ఒకాయన నా కాళ్ళ మీద కంబళి కప్పాడు. మగవాడిగా అరవై రెండేళ్ళలో ఇంత మర్యాద ఎరగను.

అప్పుడు నీతో మాట్లాడలేకపోయాను, ఇప్పుడు చెబుతాను.

వాళ్ళు మొదలుపెట్టగానే నా కుడిచెవి పక్కన గుయ్‌మని ఒక మోత. నేను రాసింది కాదు. అయిపోయింది, ఉన్న ఒక్క చెవీ ఇప్పుడే పోయిందనుకున్నాను. తర్వాత చూస్తే ముసుగు లోపల తేనెటీగ. నువ్వు ఉతికినా ఏ మడతలోనో ఎలా చేరిందో. ముక్కు మీదుగా నడిచింది. కదల్లేదు నేను. అదీ కుట్టలేదు.

మొదటి భాగం నాకు అందలేదు అక్కా. వయొలిన్ల మోచేతులు కదులుతున్నాయి. క్రాడక్ చెమటలు కక్కుతున్నాడు. నాకు ఆ స్తంభాల మధ్య ఏదో గురగుర తప్ప మరేం లేదు. ఆలస్యమైపోయింది, ఇక వినలేను అని ముసుగులో ఏడ్చాను. నువ్వు నా చేతిలో పిప్పరమెంటు పెట్టావు.

అప్పుడు రెండో భాగం మొదలైంది. ఎనిమిది కొమ్ముబూరలు ఒక్కసారి ఊదాయి. కింద బల్ల అదిరింది. వినపడింది నాకు. క్రాడక్ దాన్ని ఎంత నెమ్మదిగా నడిపాడంటే, ఒక్కొక్క స్వరం నా చెవి దాకా వచ్చి, తలుపు తట్టి, నేను గడియ తీసేదాకా నిలబడింది. మొదటినుంచి చివరిదాకా ఒక్కటీ తప్పిపోలేదు. నేను రాసినట్టు నాలుగు బూరలతో, నేను చెప్పిన వేగంతో వాయించి ఉంటే ఒక్క ముక్క వినేవాణ్ణి కాదు. ఆ రాతతప్పు కూడా అలాగే ఉంచాడు. నేను రాయాలనుకున్నదాని కన్నా అదే బాగుంది. వాడిని నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, నన్ను మోసగాడన్నందుకు తిట్టింది ఒక్కటి తప్ప.

మిగతా రెండు భాగాలూ అక్కడక్కడా అందాయి. తర్వాత ఏమీ లేదు. బొత్తిగా ఏమీ లేదు. చర్చిలో చప్పట్లు కొట్టరని పుట్టినప్పటినుంచీ తెలిసినవాణ్ణి, ఆ క్షణంలో మర్చిపోయాను. నీ చెయ్యి లాగి, "అయిపోయిందా అక్కా, నా చెవి పోయిందా?" అని అడిగాను. మెల్లగానే అడిగాననుకున్నాను. అందరి తలలూ ఇటు తిరిగాయి.

ఎంత గట్టిగా అడిగాను? ఇంకొకటి కూడా చెప్పు. వాళ్ళకు నచ్చిందా? నాకు తెలిసే దారి లేదు.

ఇవాళ పొద్దున్న నా చేతిలోంచి కప్పు జారింది. వంగి చూస్తే గాని పగిలిందని తెలియలేదు. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకోవడం మానేశాను. బాధగా ఉంది, కానీ నేను అనుకున్నంత లేదు. వినాల్సింది విన్నాను.

సెప్టిమస్


మార్ల్‌కోట్,
1927 సెప్టెంబరు 12.

తమ్ముడూ,

చాలా గట్టిగా అడిగావు. కప్పు మీది పావురాలు లేచాయి.

ఎవరూ ఏమీ అనలేదు. ఎలా అంటారు? బిషప్పు ఉన్నాడు. అందరూ మళ్ళీ ముందుకు తిరిగి ప్రార్థన పుస్తకాలు తెరిచారు, సగంమంది తలకిందులుగా. బయటికి వచ్చాక ప్రాసర్ గారు నా పక్కన నడుస్తూ, "మీ ఇంటి మనిషి గొంతు గంభీరంగా ఉందమ్మా" అన్నారు. అవునండీ, మా తమ్ముడి గొంతే అన్నాను. "మా అందరికీ బాగా గుర్తున్న గొంతు" అని, "ఆ ఇత్తడి పలక ఎనిమిది మరలతో బిగించాం. తీస్తే గోడ పెచ్చులూడుతుంది" అన్నారు. అదీ సంగతి. ఊరంతటికీ తెలుసు. ఆ మాట ముందు ఎత్తేదెవరన్నదే ఇబ్బంది. ఎవరూ ఎత్తరు.

క్రాడక్ ఉత్తరం రాశాడు. సంఘం నియమం మీరిందని తేలితే ఇబ్బంది కనుక, సంఘం రికార్డుల వరకు నువ్వు చనిపోయినట్టే ఉండమని వేడుకున్నాడు. "కీర్తిశేషులకు అభ్యంతరం లేకపోతే" వచ్చే ఏడు నీ రెండో సింఫనీ కూడా వాయిస్తారట. నీకు రెండోది లేదని నేను చెప్పలేదు. నిజం తక్కువ చెప్పడం అలవాటైపోయింది.

నచ్చిందా అన్నావు. ఏం నచ్చిందో ఎవరికి తెలుసు, ఇంగ్లీషువాళ్ళం, అడిగితే వాన గురించి చెబుతాం. కానీ రెండో భాగంలో డోర్కస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. చర్చిలో ఆడవాళ్ళు టోపీ తీయడం నేనెప్పుడూ చూడలేదు. అయిపోయేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నాకు సంగీతం తెలియదు. నేనూ ఒక పిప్పరమెంటు తీసుకోవాల్సి వచ్చింది. నువ్వు నా తమ్ముడివని గర్వంగా అనిపించింది, ఇది ఒక్కసారే రాస్తాను.

ఇంటికి రా. డాగెట్ చేపలు చాలు. జనం ఏమనుకుంటారో అని భయపడకు. ఇవాళ పొద్దున్న తాళంచెవి పట్టుకుని తేనెపెట్టెల దగ్గరికి వెళ్ళాను, నువ్వు బతికున్నావని చెబుదామని. తట్టబోతుంటే గుర్తొచ్చింది. నువ్వు పోయావని వాటికి నేను ఎప్పుడూ చెప్పలేదు. గుడ్డ కప్పాను, అంతే. ఈ ఊళ్ళో నువ్వు ఉన్నావని మొదటినుంచీ తెలిసినవి అవే. ఊరికే తట్టడం ఎందుకని తిరిగొచ్చేశాను.

హెస్టర్


వంటింటి నుంచి,
1927 సెప్టెంబరు 21, పొద్దున్న.

ముందు గదిలో కూర్చున్న తమ్ముడికి,

తలుపు దగ్గర నిలబడి నాలుగుసార్లు పిలిచాను. నువ్వు కిటికీలోంచి ఈగలను చూస్తూ కూర్చున్నావు. ఇక మన ఇంట్లో మాటలన్నీ ఇలాగే అనుకుని కాగితాలు తెప్పించాను. టీ చల్లారుతోంది.

డోర్కస్ గేటు దగ్గర ఉంది. చేతిలో పై. "పోయినవారి ఇంటికని చేశాను, ఉన్నవారు తిన్నా ఫరవాలేదు" అంటోంది. లోపలికి రమ్మంటే రానంటోంది. ఆ పెన్సిలు సంగతి మళ్ళీ అడిగింది. ఈసారి నిజం తక్కువ చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను.

ఏం చెప్పమంటావు? కాగితం వెనక రాయి. పెన్సిలు నీ చెవి మీదే ఉంది, వెతక్కు.

హెస్టర్


(అదే కాగితం వెనక)

అక్కా,

క్రాడక్ చెప్పిందే నిజం. చావు సంగతి కాదు గానీ, ఆ భాగం నెమ్మదిది. మొదట నేను రాసింది నెమ్మదిగానే, ఆమె పెళ్ళయిన ఏడాదికి. జున్ను కోసం వెళ్ళింది ఆ మర్నాడు. శుభ్రంగా తిరగ రాసేటప్పుడు సిగ్గేసి, పైన "వేగంగా" అని పెట్టాను. ముప్పై ఏళ్ళు అదే నమ్ముతూ వచ్చాను. ఆ బుధవారం వింటే గాని తెలియలేదు.

మనకు అప్పట్లో రెండు నిచ్చెనలు ఉండేవి. మూడోది ఎందుకు?

పెన్సిలు కాదని చెప్పు. గేటు దగ్గరే నిలబడి చెప్పు, నేను కిటికీలోంచి చూస్తుంటాను.

సెప్టిమస్